14 అడుగుల పడవ, ఒక చెంబు: వాలై సీజన్ కోసం గ్యారేజీ డైరీ

అక్టోబర్ 12

పడవ ఇంటికి వచ్చింది. 14 అడుగుల అల్యూమినియం పడవ, కింద తుప్పు పట్టిన ట్రైలర్, వెనక రెండు స్ట్రోకుల 15 హార్స్‌పవర్ ఇంజన్. అన్నీ కలిపి 900 డాలర్లు. అమ్మినాయన "కొంచెం నీళ్లు వస్తాయి" అని ముందే చెప్పాడు. ఆ కొంచెం ఎంతో అడగాల్సింది. బేరం కుదిరిన సంతోషంలో అడగలేదు.

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రానికి, మిన్నియాపోలిస్ శివారుకు వచ్చి ఏడేళ్లయింది. ఈ ఏడేళ్లలో ఊళ్లో సరస్సుల ఒడ్డున నిలబడి మావాడూ నేనూ పట్టిన బ్లూగిల్ చేపలకూ పెర్చ్ చేపలకూ లెక్క లేదు. కానీ మిన్నెసోటాలో చేప అంటే వాలై. 1965 నుంచి రాష్ట్ర చేప అదే. ఆఫీసులో ఎవరితోనైనా చేపలకు పోతుంటానని అంటే వెంటనే వచ్చే ప్రశ్న, "వాలై పడిందా?" పడలేదు. ఎలా పడుతుంది? నేను పోయేది శనివారం మిట్టమధ్యాహ్నం, ఒడ్డుకు. అది తిరిగేది సందెవేళ, లోతు మారే చోట.

బాపుకు వీడియో కాల్‌లో పడవ చూపించాను. కరీంనగర్‌లో అప్పుడే తెల్లవారుతోంది. కళ్లద్దాలు పెట్టుకుని చూసి, "గిది గిన్నె కదరా" అన్నాడు. నీళ్లు కారుతుందట అంటే, "అయితే మాట్లు వేయించు" అన్నాడు. మానేరు డ్యాంలో థర్మాకోల్ తెప్ప మీద కూర్చుని వలలు వేసేవాళ్లను చూసిన మనిషికి నా పడవ గురించి అంతకన్నా దిగులెందుకుంటుంది?

అక్టోబర్ 19

కొంచెం అంటే ఎంతో ఈరోజు తెలిసింది. దగ్గర్లోని సరస్సులో పడవ దించి, రేవుకు కట్టేసి, గంటసేపు అందులోనే కూర్చున్నాను. తర్వాత నీళ్లు తోడాను. తోడడానికి వంటింట్లోంచి చెప్పకుండా తెచ్చిన స్టీలు చెంబు, లీటరు పడుతుంది. 41 చెంబులు.

ఇకనుంచి కొలత ఇదే: గంటకు ఎన్ని చెంబులు. మా పక్కింటి పెద్దాయన గాలన్లలో చెప్పమన్నాడు. మార్చి చెప్పాను. ఈలవేశాడు.

అక్టోబర్ 26

ఎక్కడినుంచి కారుతోందో కనిపెట్టే ఉపాయం పెద్దాయనే చెప్పాడు. పడవను నీళ్లలో పెట్టి లోపల వెతకడం కాదు, ట్రైలర్ మీదే ఉంచి లోపల నీళ్లు పోసి బయట వెతకాలి. అయితే నిండా పోయకూడదు. గాలన్ నీళ్లు 8 పౌండ్ల పైమాటే. బయటినుంచి నీటి ఆసరా లేకుండా అంత బరువు పడితే అడుగు వంగిపోతుంది. నాలుగంగుళాలు చాలు.

ఇంటి ముందు ట్రైలర్ నిలిపి, తోట పైపు పెట్టి, కింద వెల్లకిలా పడుకున్నాను. పది నిమిషాల్లో చుక్కలు మొదలయ్యాయి. ఇలాంటి పాత పడవలకు వెల్డింగు ఉండదు. రేకుల అంచులు ఒకదానిమీద ఒకటి ఎక్కించి వందలకొద్దీ రివిట్లతో కుట్టేస్తారు. అలలమీద ఎగిరెగిరి పడి, ఏళ్లు గడిచేకొద్దీ ఆ కుట్టు సడలుతుంది. తడి రేకు మీద మార్కర్ రాయడం లేదని పెద్దాయన మైనపు పెన్సిల్ ఇచ్చాడు. కారిన ప్రతి రివిట్ చుట్టూ సున్నా చుట్టాను. 23 సున్నాలు. ఎక్కువభాగం ముందువైపు, అలల దెబ్బ తగిలే చోట.

వెనకవైపు ఒక్క చుక్క లేదు. వెనక బాగుందని పుస్తకంలో రాసుకున్నాను. (ఈ వాక్యం మీద మే నెలలో మళ్లీ మాట్లాడుకుందాం.)

నవంబర్ 9

రివిట్లు బిగించే పని ఇద్దరిది. ఒకరు బయట రివిట్ తలకు బరువైన ఇనుము ఆనించి పట్టుకోవాలి, ఇంకొకరు లోపల తోకమీద చిన్న సుత్తితో కొట్టాలి. బయట ఆనింపు లేకుండా లోపల ఎంత కొట్టినా వదులు వదులుగానే ఉంటుంది. పెద్దాయన వయసు 70 దాటింది కాబట్టి కింద పడుకునేది నేనే. ఎనిమిది పౌండ్ల సమ్మెట తలను రెండు చేతులతో ఎత్తి రివిట్‌కు ఆనిస్తే, లోపలినుంచి టక్, టక్, టక్. మూడు దెబ్బలకు శబ్దం మారుతుంది. మొదట డబ్బా మోగినట్టుంటుంది, బిగిశాక రాయి మీద కొట్టినట్టు. ఆ తేడా చెవికి పట్టుబడ్డాక పని చకచకా సాగింది. చేతుల్లో మాత్రం ఆ రాత్రంతా జలదరింపు పోలేదు. అన్నం ముద్ద కలిపేటప్పుడు కూడా.

మూడు రివిట్లు బిగింపుకు లొంగలేదు. వాటిని డ్రిల్ చేసి తీసేసి కొత్తవి వేశాం. మామూలు పాప్ రివిట్ ఇక్కడ పనికిరాదు. దాని నడుమ బోలుగా ఉంటుంది, ఒక చిల్లు పూడ్చి ఇంకో చిల్లు పెట్టినట్టవుతుంది. కొన మూసుకుపోయి ఉండే రకం కావాలి. సీలెంటులో, అంటే నీళ్లు దూరకుండా సందులు పూడ్చే జిగురులో, ముంచి వేశాం.

నవంబర్ 16

వెనక పలక విప్పాం. పడవ వెనకవైపు, ఇంజన్ బిగించే చోట, అల్యూమినియం రేకు లోపల దళసరి చెక్క ఉంటుంది. దాన్ని ట్రాన్సమ్ అంటారు. ఇంజన్ బరువూ తోపుడూ అంతా దానిమీదే. పైన గట్టిగానే ఉంది. సగం కిందికి దిగేసరికి స్క్రూడ్రైవర్ వెన్నలోకి దిగినట్టు దిగింది. అడుగున చెక్కే లేదు, తడిసిన అట్ట. గుప్పిళ్లతో తోడి బకెట్లో వేశాను.

వాన నీళ్లు పైనుంచి దిగి అడుగున నిలిచి ఉంటాయనుకున్నాం. పెద్దాయనా అదే అన్నాడు. ఇద్దరం తెలివిగా తలలూపుకున్నాం.

డిసెంబర్ 7

గ్యారేజీలో చలి మైనస్‌లలో ఉంది. జిగురేదీ ఆరదు. కాబట్టి కొత్త ట్రాన్సమ్ తయారీ బేస్‌మెంట్‌లో.

ముందు చెక్క సంగతి. ఇక్కడ ఇళ్ల వెనక డెక్‌లకు వాడే ఆకుపచ్చ ఛాయ చెక్క చవక, ఏళ్ల తరబడి కుళ్లదు. అదే కొనబోయాను. పెద్దాయన వద్దన్నాడు. దాన్ని కుళ్లకుండా కాపాడేవి రాగి లవణాలు. రాగి, అల్యూమినియం, నడుమ తడి. ఈ మూడూ కలిస్తే హైస్కూల్లో చదివిన బ్యాటరీ తయారవుతుంది. అందులో కరిగిపోయేది అల్యూమినియమే. రెండుమూడేళ్లలో రేకు తెల్లటి పొడిగా రాలుతుందట. అందుకని మెరైన్ ప్లైవుడ్, ముప్పావు అంగుళానివి రెండు పలకలు ఎపాక్సీ జిగురుతో అతికి ఒకటిన్నర అంగుళాల దళసరి చేశాను. కోసిన అంచులకూ బోల్టు రంధ్రాల లోపలి గోడలకూ మూడుసార్లు ఎపాక్సీ పూత. తడి దూరేది ఎప్పుడూ అంచులనుంచే.

ఎపాక్సీ వాసన హీటర్ గాలితో ఇల్లంతా పాకింది. మా ఆవిడ రెండు రోజులు నాతో పని ఉన్నంతవరకే మాట్లాడింది. అదే సమయంలో చెంబు సంగతీ బయటపడింది. అది వాళ్లమ్మ ఇచ్చిన చెంబట.

జనవరి 18

పడవ పని లేదు. పెద్దాయన మంచు మీదికి తీసుకుపోయాడు.

గడ్డకట్టిన సరస్సు మీద నడవాలంటే కొత్త, గట్టి మంచు కనీసం నాలుగంగుళాలు ఉండాలని ఇక్కడి లెక్క. అంతకు రెండింతలు పైనే ఉంది. అయినా మొదటి పది అడుగులు నేను వేసిన తీరు చూసి ఆయన నవ్వాడు. మరతో పళ్లెమంత రంధ్రం తొలిచి, చిన్న గుడారం వేసి, బోర్లించిన బకెట్ల మీద కూర్చున్నాం. మంచు మీద మనిషికి రెండు గాలాలు వేసుకోవచ్చు.

ఆరోజు నేర్చుకున్నది పట్టు గురించి. చిన్నప్పుడు మా చెరువులో కొర్రమీనుకు గాలం వేస్తే దానికి మొహమాటం ఉండేది కాదు. కప్పపిల్లను ఎరగా కట్టి నీటిమీద ఆడిస్తే దభీమని వచ్చి మింగేది, వెదురు బద్ద విల్లులా వంగేది. వాలై అలా కాదు. దారం చివర ఎవరో గోటితో ఒకసారి మీటి వదిలేసినట్టు ఉంటుంది. అంతే. ఒక్కోసారి అదీ ఉండదు, ఎర కాస్త బరువెక్కినట్టు అనిపిస్తుంది. ఆ బరువే చేప. నాకది అర్థమయ్యేలోపు నాలుగు ఎర చేపలు హుక్కు మీదనుంచి మాయమయ్యాయి.

చీకటి పడుతుండగా ఆయనకొకటి పడింది. లైటు వేస్తే కన్ను చూశాను. రాత్రి బస్సు లైట్లలో రోడ్డు పక్క గొర్రెల మంద కళ్లు ఎలా మెరుస్తాయో, అలా. రెటీనా వెనక అద్దంలాంటి పొర ఉంటుంది. లోపలికొచ్చిన వెలుతురు ఆ పొరకు తగిలి వెనక్కి మళ్లి, రెటీనాకు ఇంకోసారి అందుతుంది. అందుకే మసక వెలుతురులో, మురికి నీటిలో, పెర్చ్ పిల్లలకు ఏమీ కనబడని వేళ దీనికి కనబడుతుంది. వేట అప్పుడే. మిట్టమధ్యాహ్నం ఎండలో ఏడేళ్లు నిలబడ్డానని చెబితే పెద్దాయన మర్యాదకు నవ్వలేదు.

మార్చి 15

చేపలు పట్టే లైసెన్సు కొత్తది తీసుకున్నాను, ఇక్కడ లైసెన్సు ఏడాది మార్చి 1న మొదలవుతుంది. ఇంజన్ పని కూడా పట్టాను.

పెద్ద చెత్తడబ్బా నిండా నీళ్లు పోసి, ఇంజన్ అడుగుభాగం అందులో మునిగేలా బిగించి, స్టార్ట్ చేశాం. పదకొండో లాగుకు అందుకుంది, గ్యారేజీ నిండా నీలం పొగ. కానీ పక్కనుంచి సన్నగా చిమ్మాల్సిన నీటి ధార చిమ్మడం లేదు, ముక్కు కారినట్టు కారుతోంది. ఆ ధార సరిగా లేదంటే ఇంజన్‌కు చల్లదనం అందడం లేదన్నమాట. వెంటనే ఆపేశాం.

తప్పు ఇంపెల్లర్‌ది. నీటిని పైకి తోడే చిన్న రబ్బరు చక్రం. రెక్కలన్నీ ఒకే వైపు వంగి అలాగే బిగుసుకుపోయాయి. కొత్తది వేయడం పది నిమిషాలు. తిరిగి పైకెక్కించేటప్పుడు, సన్నటి నీటి గొట్టం కనబడని చీకట్లో ఒక రబ్బరు నోట్లోకి దూరాలి. అది దూరడానికి గంటన్నర. సూదిలో దారం ఎక్కించడమే, కాకపోతే సూది బరువు కేజీల్లో. గేర్ ఆయిల్ వదిలి చూస్తే నల్లగా వచ్చింది. పాలెక్కువైన ఛాయ్ రంగులో వచ్చి ఉంటే సీళ్లు పోయినట్టు, ఇంకో నెల పని. బతికిపోయాను. కొత్త ఆయిల్‌ను కింది రంధ్రంలోంచి ఎక్కిస్తూ, పైరంధ్రంలోంచి పొంగి వచ్చేదాకా ఆగాలి. పైనుంచి పోస్తే గాలి చిక్కుకుంటుంది.

పెట్రోల్‌లో ఆయిల్ 50కి 1. డబ్బా మీదే పెయింట్‌తో రాసిపెట్టాను, మరిచిపోయే జబ్బు ఉంది కాబట్టి.

ఏప్రిల్ 12

గ్యారేజీ వెచ్చబడింది. లోపల అతుకుల వెంబడి రెండు పాళ్లు కలిపి వాడే సీలెంటు పూశాను. కొత్త ట్రాన్సమ్ కూర్చోబెట్టి స్టెయిన్‌లెస్ బోల్టులు బిగించాను. అడుగున నీళ్లు వదిలే ప్లగ్గుకు ఒక చిన్న గొట్టం ఉంటుంది. రేకునూ చెక్కనూ దాటుకుని బయటికి వస్తుంది. పాతది ఇత్తడిది, ఇంకా గట్టిగానే కనిపించింది. దాని చుట్టూ రేకు మీద తెల్లటి పొడి ఏదో ఉంటే గుడ్డతో తుడిచి, పాత గొట్టాన్నే తిరిగి పెట్టాను. కొత్తది పది డాలర్లు. అప్పటికే ఈ పడవ నన్ను పీల్చి పిప్పి చేసింది, ఆ పది మిగిలాయని సంతోషపడ్డాను.

ఏప్రిల్ 26

మంచు కరిగింది. చెంబు పరీక్ష. గంటకు 9.

41 నుంచి 9కి వచ్చింది కాబట్టి సంతోషించాలి. కానీ ఆ 9 ఎక్కడివి? ఇంటికొచ్చి మళ్లీ లోపల నాలుగంగుళాల నీళ్లు పోశాను. కింద పడుకున్నాను. ఒక్క చుక్క కారలేదు. అరగంట అలాగే పడుకుంటే మా వీధిలో కుక్కను తిప్పే ఆవిడ ఆగి, బాగానే ఉన్నానా అని అడిగింది.

మే, ఓపెనర్ శనివారం

వాలై సీజన్ మెమోరియల్ డే (మే చివరి సోమవారం సెలవు) వారాంతానికి రెండు వారాల ముందు శనివారం తెరుచుకుంటుంది. ఇక్కడ అది పండగే. శుక్రవారం అర్ధరాత్రి దాటిన నిమిషం నుంచే వేసేవాళ్లు వేస్తారు. మేం మధ్యాహ్నం తీరిగ్గా బయల్దేరాం.

మిల్ లాక్స్‌కు పోదామని ఆఫీసు మిత్రుడు ఒకటే గొడవ. పేరున్న సరస్సే, చేపలకు కొదవ లేదు. కానీ అది లక్షా ముప్ఫై వేల ఎకరాల నీళ్లు, గాలి లేస్తే అలలు సముద్రాన్ని గుర్తుచేస్తాయి. 14 అడుగుల పడవ, తొమ్మిదేళ్ల పిల్లాడు, గంటకు 9 చెంబులు. ధైర్యానికీ ఒక లెక్క ఉంటుంది. చిన్న సరస్సుకే పోయాం. దాని పేరు రాయను. ఈ ఊళ్లో కొన్నాళ్లున్నాక ఆ అలవాటు నాకూ పట్టింది.

ఎర కొట్లో నీళ్ల తొట్లు, వాటిలో ఎర చేపలు. పక్కన చిన్న డబ్బాల్లో జలగలు, డజన్ల లెక్కన. మడిలో నాటేటప్పుడు కాళ్లకు పట్టిన జలగను పీకి గట్టు మీద కొట్టిన మా నాయనమ్మకు, ఇక్కడ మనవడు వాటిని డబ్బు పోసి కొని ఫ్రిజ్‌లో పెడతాడని చెబితే నమ్మేది కాదు. జలగల కాలం నీళ్లు ఇంకాస్త వెచ్చబడ్డాక అని కొట్టాయన అన్నాడు. షైనర్ అనే ఎర చేపలే రెండు డజన్లు తీసుకున్నాం.

పదేళ్లలోపు పిల్లలకు పడవలో లైఫ్‌జాకెట్ చట్టప్రకారం తప్పనిసరి. మావాడికి వేశాక నేనూ వేసుకున్నాను, ఎందుకో చెప్పక్కర్లేదు. నీళ్లలోకి దింపేముందు ప్లగ్గు బిగించాను. మిన్నెసోటాలో రోడ్డు మీద పడవను ప్లగ్గు తీసే నడపాలి. ఒక సరస్సు నీళ్లు ఇంకో సరస్సుకు చేరి జీబ్రా మసెల్స్ అనే చిన్న గుల్లల్లాంటి పరాయి జీవులు పాకకుండా. అంటే వెళ్లిన ప్రతిసారీ తీయడం, పెట్టడం.

అయిదు గంటలకు నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఏమీ లేదు. ఆరున్నరకు గాలి లేచి సన్నటి కెరటం పడింది. ఇక్కడివాళ్లు దీన్ని వాలై చాప్ అంటారు. నీటి ముఖం చెదిరితే లోపలికి దిగే వెలుతురు తగ్గుతుంది, చేప తక్కువ లోతుకు ధైర్యంగా వస్తుంది. గాలి కొడుతున్న ఒడ్డు వైపు, గులకరాళ్ల మీద, ఎనిమిది అడుగుల లోతులో జిగ్ వేశాం. ఔన్సులో ఎనిమిదో వంతు సీసం, పసుపుపచ్చ తల, పెదాలకు గుచ్చిన షైనర్. అడుగున తాకనివ్వడం, జానెడు ఎత్తడం, మళ్లీ దింపడం.

మొదటి పట్టు వాలై కాదు. ఒక్క విసురు, దారం కత్తెరతో కోసినట్టు తెగింది. నార్తర్న్ పైక్ అనే పదునైన పళ్ల చేప. జిగ్గుతో సహా పోయింది. రెండోదీ అదే.

ఏడున్నర దాటింది. మావాడు చెంబుతో తోడుతున్నాడు, ఆ పని వాడికి చేపలకంటే నచ్చింది. తలకు కట్టుకున్న లైటుతో వెనకకు వంగి, "నాన్నా, ప్లగ్గు పక్కన బుగ్గలా వస్తుంది" అన్నాడు. తల తిప్పి చూశాను. ప్లగ్గులోంచి కాదు. గొట్టం చుట్టూ, అంచు కిందినుంచి, సన్నటి ఊట. సరిగ్గా అప్పుడే చేతిలో దారం బరువెక్కింది. మీటు లేదు, గుంజుడు లేదు, బరువంతే. జనవరిలో నేర్చుకున్న ఆ బరువు. రాడ్ ఎత్తాను, అటువైపునుంచి తల రెండుసార్లు విదిలించింది. మావాడు చెంబు వదిలేసి వల అందుకున్నాడు, మొదటిసారి చేప పక్కన నీళ్లు తోడాడు, రెండోసారి చేపనే తోడాడు.

17 అంగుళాలు. బంగారు రంగు పక్కలు, తోక కింది కొసన తెల్లటి మచ్చ. మావాడు వీపు మీద చెయ్యి వేయబోయి ముళ్లు గుచ్చుకుని కెవ్వుమన్నాడు. రేవు దగ్గర బోర్డులో ఆ సరస్సు కొలతలు ముందే చూసుకున్నాం, ఉంచుకోవచ్చు. ఉంచుకున్నాం.

మే, ఆ మర్నాడు

పులుసు పెట్టడం పొరపాటు. రుచి బాగుంది కానీ వాలై మాంసం సున్నితం, కొర్రమీనులాగా పులుసులో ముక్క నిలబడదు. గరిటె పెట్టేసరికి పొరలు పొరలుగా విడిపోయింది. పెద్దాయనకు ఒక గిన్నె పంపితే చింతపండు పేరు రాయించుకున్నాడు. ఈసారి కారం, బియ్యప్పిండి పట్టించి వేపుడే.

సాయంత్రం పడవ దగ్గర కూర్చుని డైరీ వెనక్కి తిరగేశాను. మా ఇంటి ముందు నేల వీధివైపు వాలుగా ఉంటుంది, నేను ట్రైలర్ నిలిపేది పడవ ముక్కు వీధివైపు ఉండేలా. పోసిన నీళ్లన్నీ ముందుకు చేరాయి. వెనక గొట్టం దాకా ఒక్క చుక్క పోలేదు. అక్టోబర్‌లో వెనక బాగుందని రాసుకున్నది అందుకే, ఏప్రిల్‌లో అరగంట పడుకున్నా ఏమీ కనిపించనిదీ అందుకే. ట్రాన్సమ్ చెక్క పైన గట్టిగా ఉండి అడుగున కుళ్లడానికి కారణమూ ఆ గొట్టమే. వాన నీళ్లు కాదు, గొట్టం చుట్టూ దూరిన నీళ్లు.

రాగికీ అల్యూమినియానికీ పడదని డిసెంబర్‌లో పేరా రాసింది నేనే. ఇత్తడిలో సగం పైన రాగే. ఆ తెల్లపొడి ఏమిటో తెలిసి కూడా గుడ్డతో తుడిచి అదే గొట్టాన్ని పెట్టిందీ నేనే. తీసి చూస్తే రేకులో రంధ్రం అంచు పురుగు తిన్న ఆకులా ఉంది. పైగా కొత్త చెక్క అడుగంచు అప్పుడే చెమ్మగిల్లింది.

మే 24

రంధ్రాన్ని శుభ్రమైన రేకు దాకా ఆకురాయితో అరగదీసి, చెక్కను వారం ఆరనిచ్చి, లోపలి గోడకు మళ్లీ ఎపాక్సీ పట్టించి, అల్యూమినియం గొట్టం సీలెంటుతో బిగించాను. పది డాలర్లే.

సాయంత్రం రేవులో గంటసేపు కూర్చున్నాను. చెంబుతో తోడబోతే అందేంత నీళ్లు లేవు, స్పాంజితో అద్దాల్సి వచ్చింది. సగం చెంబు. ఇంటికెళ్లి చెంబు తోమి వంటింట్లో పెట్టాను. మా ఆవిడ వాసన చూసి, రెండు వేళ్లతో పట్టుకుని, మళ్లీ గ్యారేజీలోనే పెట్టి వచ్చింది.